సగంలో ఆగే చెయ్యి

పలాసలో గాలికి జీడిపిక్కల పొగ వాసన ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు, మాకైతే తెలియనే తెలియదు. ఆ పొగ తుపాకీ నూనె వాసనతో కలిసినప్పుడు మాత్రం నాకు తెలుస్తుంది. ఈ ఉదయం షాపు తెరిచి, బల్ల మీది నూనె గుడ్డ విప్పగానే రెండూ కలిసి మొహాన కొట్టాయి. సింహాద్రి మాస్టారు కూర్చునే చోటు ఎప్పుడూ ఇలాగే ఉండేది. వాసన ఉంది, మనిషి లేడు. కొన్నాళ్లకు అలవాటవుతుందని అందరూ అన్నారు. నాకైతే అవలేదు.

మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పని చేసి, రిటైరై వచ్చి, లైసెన్సు తుపాకుల రిపేరు షాపు పెట్టుకున్నారు. ఊరే ఆయనకు మాస్టారు అని పేరు పెట్టింది. మాది భావనపాడు. నాన్న వేటకెళ్లేవాడు, మా ఊళ్లో వేటంటే సముద్రం మీదికి వెళ్లడమే. టెక్కలి ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని, ఆడపిల్లకు ఫిట్టరు ఉద్యోగం ఎవడూ ఇవ్వక, ఈ షాపు మెట్లెక్కాను. మాస్టారు నా మొహం చూడలేదు, చేతులు చూశారు. ఒక ఆకురాయి ఇచ్చి, ఇనుప ముక్క ముందు పడేశారు. నేను రాస్తుంటే కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని, "ఓలమ్మీ, నీకు తొందర నేదు. రేపట్నుంచి రా" అన్నారు. ఆ తర్వాత అమ్మా నాన్నా పోయారు, తమ్ముడు గుజరాత్‌లో వేరావలు బోట్ల మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. నాకు మిగిలింది ఈ బల్ల, ఎదురుగా ఆయన.

ఆయనకూ ఎవరూ లేరు. భార్య సీతమ్మ గారు కిడ్నీ జబ్బుతో పోయారు. వాళ్లది వజ్రపుకొత్తూరు వైపు. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో ఇంగ్లీషు అక్షరం రానివాళ్లకు కూడా రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అనే మాట నోరు తిరుగుతుంది. ఆమె గురించి మాస్టారు మాట్లాడేవారు కాదు. నేను తెచ్చిన క్యారేజీ విప్పినప్పుడు మాత్రం, "ఇంత ఉప్పేటి ఏసినావు? మీ అమ్మగారుంటే తిట్టును" అనేవారు. అమ్మగారంటే సీతమ్మ గారే, ఆ ఒక్క మాటలోనే ఆవిడ నాకు పరిచయం.

ఒక ఏడాది రఘుపతి గారు వచ్చారు. టెక్కలి మనిషి, జలంత్రకోట దగ్గర కొబ్బరి, జీడి తోటలున్నాయి. పోటీల్లో పతకాలు కొట్టిన షూటరు. పంట నాశనం చేసే అడవిపందుల్ని కాల్చడానికి అటవీశాఖ అనుమతి ఇచ్చినప్పుడల్లా ఆయన్నే పిలిచేవారు. కోల్‌కతాలో లైసెన్సున్న తయారీదారు దగ్గర తన కోసమే ఒక ఖరీదైన రైఫిల్ చేయించుకుంటున్నారు. అందులో ఏ యాక్షన్ పెట్టించాలో మాస్టారే తేల్చాలి. యాక్షన్ అంటే రైఫిల్‌కు గుండెకాయ. బోల్టు పిడి పట్టి ముందుకు తోస్తే తూటాను గొట్టంలోకి పంపి తాళం వేసేది, వెనక్కి లాగితే ఖాళీ తొడుగును బయట పడేసేది అదే. కర్ర మార్చుకోవచ్చు, గొట్టం మార్చుకోవచ్చు. యాక్షన్ తప్పుగా ఎంచితే మళ్లీ మొదటికే రావాలి.

నమూనాకు రెండు రైఫిళ్లు తెచ్చారు. ఒకటి కొత్త పద్ధతిది. బోల్టు వెన్నలో వేలు పెట్టినట్టు జారుతుంది. రెండోది పాత పద్ధతిది. కాస్త బిగువు, కాస్త గలగల. బోల్టు పక్కన పొడవాటి ఉక్కు కొక్కెం ఉంటుంది. రఘుపతి గారు కొత్తదాన్ని పదేపదే ఆడించి, "మాస్టారూ, ఇందులో ఆలోచించడానికేముంది? స్మూత్‌నెస్ చూడండి" అన్నారు.

మాస్టారు ఆ కొత్తదాన్నే అందుకున్నారు. అందులో మందు లేని డమ్మీ తూటాలు నింపించి, ఆయన్ను వాకిట్లో గోడకేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. వరసగా బోల్టు ఆడించమన్నారు. ఆయన ఆడిస్తున్నారు. మాస్టారు నాకు కన్ను గీటారు. మా తోటల్లో జీడిపిక్కలు ఏరడానికి వెళ్లేవాళ్లు ఎలుగుబంటి రాకుండా నూనె డబ్బా వాయించుకుంటూ వెళ్తారు. అలాంటి డబ్బా ఒకటి షాపులో ఎప్పుడూ ఉండేది. దాన్ని రఘుపతి గారి చెవి వెనక ఒక్కటే ఒక్క దెబ్బ కొట్టాను. ఆయన ఉలిక్కిపడ్డారు. బోల్టు సగం దూరం వెళ్లి ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లింది. వెళ్లి ఇరుక్కుంది. మొదటి తూటా గొట్టంలోనే ఉండిపోయింది, దాని వెనకాల రెండోది దూరింది.

"ఏంటండీ ఈ చిన్నపిల్లలాట!" అని ఆయన ఎర్రబడ్డారు.

"పంది కూడా ముందు సెప్పి రాదు బాబూ."

"అయితే మళ్లీ కొట్టించండి. ఈసారి నా చెయ్యి ఆగదు."

"తెలిసినాక బయమెక్కడిది?" అని మాస్టారు నవ్వి, అదే రైఫిల్ తీసుకుని తానే మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఓలమ్మీ, నీకెప్పుడు తోత్తే అప్పుడు కొట్టు" అన్నారు. నేను కాసేపు ఊరుకున్నాను. ఆయన రఘుపతి గారితో కబుర్లలో పడ్డాక కొట్టాను. జీవితమంతా తుపాకులతో గడిపిన ఆ చెయ్యి కూడా సగంలో ఆగింది. అదే ఇరుకు. మాస్టారు దాన్ని విడిపిస్తూ, "సూసినారా, నాదీ ఆగింది. ఆగనోడెవుడూ నేడు బాబూ. బయమేసినోడి సెయ్యి సగంలో ఆగుద్ది, ఎనక్కొత్తాది. ఈ కొత్తది తూటాని ఊరికే ముందుకి తోత్తాది గానీ పట్టుకోదు, తాళం పడ్డాకే పట్టుకుంటాది. ఆ పాతది అలా కాదు. తూటా అడుగునుంచి లేత్తానే కొక్కెంతో పట్టుకుంటాది. మీరు సగంలో ఆగినా వదల్దు, ఎనక్కి లాగితే తనతో తెచ్చేత్తాది. మీ సెయ్యి బాగున్న రోజుకి ఏదైనా ఒకటే. బాగునేని రోజుకి ఎంచుకోండి" అన్నారు.

రఘుపతి గారు ముభావంగా వెళ్లిపోయారు. ఈయన నోటి దురుసుకు బేరం పోయిందనుకున్నాను. తర్వాత ఆయనే ఫోన్ చేసి, "కొక్కెం ఉన్నదే పెట్టిస్తున్నానని చెప్పమ్మా" అన్నారు. ఆ రోజు మాస్టారు ఉప్పు సంగతి మర్చిపోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఆ రైఫిల్ తయారయ్యేలోపే మాస్టారికీ కిడ్నీలు చెడ్డాయి. డయాలసిస్ మొదలైంది. కొన్ని వారాలు బుద్ధిగా వెళ్లారు. తర్వాత డయాలసిస్‌కు వెళ్లాల్సిన రోజు వచ్చేసరికి షాపులో ఏదో ఒక అర్జంటు పని పుట్టేది. బాగున్న తుపాకీని విప్పి మళ్లీ బిగించేవారు. మొహం ఉబ్బుతోంది, ఊపిరి అందడం లేదు, అయినా "రేపెల్తాన్లే" అనేవారు. ఆ రేపు రాకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చచ్చిపోతారని నాకు భయం, కోపం. ఒక మధ్యాహ్నం ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు లాక్కున్నాను.

"సగంలో ఆగి వెనక్కి లాగుతున్నారు మాస్టారూ. ఇరుక్కుంటుంది."

కొట్టేలా చూశారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "బయమేత్తందే" అన్నారు. "మీ అమ్మగార్ని ఆ మంచం మీదే సూసినాను. ఆ మిషను కూత ఇంటే నాను నాలాగుండనేకపోతన్నాను."

ఆయన నోట ఆ మాట వింటానని ఎప్పుడూ అనుకోలేదు. "భయపడండి. నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

ఆటోలో తీసుకెళ్లాను. మిషను కూసినప్పుడు ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయారు, నేను పట్టుకున్నాను. నర్సు, "కూతురా?" అని అడిగింది. మాస్టారు నాకంటే ముందే "ఆఁ" అన్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మానలేదు. ఆయన పోయిన వానాకాలం దాకా మేమిద్దరం అలాగే వెళ్లాం, వచ్చాం. దారిలో తుపాకుల గురించి, చేపల ధర గురించి పోట్లాడుకున్నాం. నా బతుకులో అంత తోడు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

షాపు ఇప్పుడు నా పేరున ఉంది. యాక్షన్ ఎంచమని ఎవరొచ్చినా మోకాళ్ల మీద కూర్చోబెడతాను. మంచి చెయ్యి ఉన్నవాళ్లే ఎక్కువ కోప్పడతారు, కోప్పడనిస్తాను. సాయంత్రం ఇంటికెళ్లి ఒక్కదానికే వండుకుంటాను. ఉప్పు చాలా తక్కువ వేస్తాను, తిట్టేవాళ్లు లేకపోయినా.

కొన్నాళ్లుగా పొద్దుగూకేసరికి నా కాళ్లకు నీరు పడుతోంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. రక్తం పరీక్ష చేయించుకోవాలని తెలుసు. షాపులో పనుందని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఉదయం ఆ వాసనలో నిలబడ్డాక ఇక చెప్పుకోలేకపోయాను. తాళం వేసి ఆసుపత్రికి వెళ్లాను. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూశాను, నాతో వచ్చినవాళ్లెవరూ లేరు. చాలా భయమేసింది. లోపలికి వెళ్లి, రక్తం తీసే బల్ల మీద చెయ్యి చాపాను.