ఆరుద్ర చుక్కకు ముగ్గురు కాపలా

కేతేపల్లి రిటైర్డు లైన్‌మన్ సైదులుకు ఒకటే పిచ్చి. చలికాలం సాయంత్రాల్లో ఎర్రగా మెరిసే ఆరుద్ర చుక్క ఏదో ఒకరోజు పేలిపోతుందనీ, ఆ రోజు కేతేపల్లి చూడకుండా ఉండిపోకూడదనీ ఆయన పట్టుదల. ముప్పై రెండేళ్లు స్తంభాల మీదికి చూసి చూసి పైకి లేచిన మెడ, ఉద్యోగం అయిపోయినా కిందికి దిగలేదు. 2019 చివర్లో ఆ చుక్క మసకబారిందని పేపర్లో చదివినప్పటి నుంచి పిచ్చి మరీ ముదిరింది.

లోపల మండే సరుకు అయిపోతే పెద్ద చుక్క తన బరువుకు తానే కూలి పేలుతుందని చాయ్ హోటల్లో కూర్చుని అందరికీ చెప్పేవాడు. పెద్దబాయి కాడ ట్రాన్స్‌ఫార్మర్ పేలిన సంగతి గుర్తుచేసి, అలాంటివి కోట్లకు కోట్లు ఒక్కసారే పేలినట్టు అనుకోమనేవాడు. పట్టపగలు కూడా కనిపిస్తుందట. ఎప్పుడని అడిగితే మాత్రం, "రేపన్నా కావచ్చు, లక్షేండ్లకన్నా కావచ్చు" అనేవాడు. కరెంటు ఎప్పుడొస్తుందంటే కూడా సర్వీసంతా దాదాపు ఇదే జవాబు చెప్పాడని ఊళ్లో వాళ్లకు బాగా గుర్తు.

శాస్త్రంలో ఒక్కడి సాక్ష్యం చెల్లదంటూ నిరుడు చలికాలంలో ముగ్గురిని చుక్కకు కాపలా పెట్టాడు. ఆ ఎంపిక చూసి ఊరంతా నవ్వింది. బుచ్చయ్య మెడకు పట్టీ ఉంది, తల ఎత్తలేడు. బీరమ్మ పొద్దు మునిగితే చాలు కునికిపాట్లు పడుతుంది. మూడో మనిషి లీలమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. రోజూ ఏడింటికి మిగతా ఇద్దరితో పాటు ఆమె ఫోనూ మోగేది.

"లీలక్కా, పేలిందా?"

ఆమె గొణుక్కుంటూ వాకిట్లోకి వెళ్లి, కళ్లు చికిలించి చూసి, మూడు చుక్కలు కనిపిస్తున్నాయని చెప్పేది. అయితే నడిమిది రాసుకుంటానని ఆయన బుద్ధిగా నోటుబుక్కులో రాసుకునేవాడు.

శివరాత్రికి ముందు ఒకసారి లీలమ్మ స్నానాల గదిలో జారిపడింది. ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. కాసేపటికే సైదులు మోపెడ్ గుమ్మంలో ఉంది. నకిరేకల్ దవాఖానలో కాలికి కట్టు వేయించి, మంచం పక్కన కూర్చుని ఆయన అన్న మాట ఒక్కటే.

"పనిల నాగ పెడితే ఎట్లక్కా?"

జూన్ వచ్చింది, మబ్బులు వచ్చాయి. నెల రోజులుగా చుక్క జాడ లేదు, ఫోను మాత్రం ఆగలేదు. కుంటుకుంటూ వాకిట్లోకి వెళ్లి లేని చుక్కను వెతకడం లీలమ్మకు విసుగు పుట్టించింది. ఇక ఈ కొలువు తన వల్ల కాదని సైదులుకు చెప్పిపెట్టమంటూ పక్కింటి సైన్సు టీచరు కరుణ దగ్గరికి వెళ్లింది.

కరుణ నవ్వింది. "పెద్దమ్మా, ఆరుద్ర కార్తెల సూర్యుడు గా చుక్క కాడనే ఉంటడు. అది పొద్దుతోనే పుట్టి పొద్దుతోనే మునుగుతది. మబ్బు లేకున్నా గిప్పుడు ఎవ్వరికీ కానరాదు. సైదులు కాకకు గది తెల్వదా?"

తెలియకేం, ఆయన నోటుబుక్కు నిండా అదే కదా. లీలమ్మ మెట్టు మీదే కూర్చుండిపోయింది. బుచ్చయ్య, బీరమ్మ, తాను. ముగ్గురి ఇళ్లలోనూ రెండో మనిషి లేరు. ఆమెకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. కొలువు మానే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఏడైంది, ఏడుంబావైంది, ఫోను మోగలేదు. సైదులు ఇంట్లో కూడా రెండో మనిషి లేరన్నది లీలమ్మకు అప్పుడు తట్టింది. తానే ఫోను చేసింది. చాలాసేపటికి ఎత్తాడు.

"సైదులూ, పేలిందా?"

"పేలలే అక్కా. పక్కింట్ల ఫ్యూజు పోతే ఏస్తున్న."

"ఏస్తే ఏసినవ్ గని," అంది లీలమ్మ, మంచం మీద కాళ్లు చాపుకుంటూ, "పనిల నాగ పెడితే ఎట్ల తమ్మీ?"