ఇనుప చెప్పులు, నాలుగు దీపాలు

ఆ ఆట తొంభై ఆరు ఎంబీ. నా మనవరాలి పాత ఫోన్లో ఖాళీ తక్కువగా ఉండడంతో అంతకు మించింది దిగలేదు. తను ఆత్మకూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. శని, ఆదివారాలు ఉదయగిరిలో మా ఇంటికి వస్తుంది. కొత్త ఫోన్ కొనుక్కున్నాక పాతది నాకిచ్చి, పొద్దు పోతుందని ఈ ఆట దించి పెట్టింది.

ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. బొమ్మల ఆట నాకెందుకని మొదట రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు తెరిచాను. ఆటలో ఒక పిల్ల ఉంటుంది. చేతిలో తెడ్డు, నడుముకు లాంతరు, కాళ్లకు ఇనుప చెప్పులు. నీళ్లలో మునిగిన ఒక ఊళ్లో తిరగాలి. చెప్పులు వేసుకుంటే అడుగున నడుస్తుంది, విప్పితే తేలుతుంది. పెద్ద పెద్ద పీతలు మీదికొస్తే తెడ్డుతో కొట్టాలి. మాటలు లేవు, చదవాల్సిన అక్షరాలు లేవు. ఉన్న మూడు వస్తువుల్లో పనికిరానిది ఒక్కటీ లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది దాని న్యాయం. నిన్న ఏ గోడ దగ్గర ఏ పని చేస్తే ఏం జరిగిందో, ఇవాళ అదే పని చేస్తే అదే జరుగుతుంది. గళ్ల నోటు పుస్తకంలో ఆ ఊరి పటం గీసుకున్నాను. నలభై ఒక్క ఇళ్లు, ఆరు సందులు, చివర గుట్ట మీద ఒక ప్రార్థన మందిరం. లోపలి పని సరిగా చేస్తే ఊళ్లోని నీళ్లన్నీ దిగిపోతాయని మనవరాలు చెప్పింది. ఎట్లా చేయాలో మాత్రం చెప్పవద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

ఒక తప్పు కూడా పట్టుకున్నాను. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ తలుపులున్నాయి. మునగబోయే ఊళ్లో ఎవరూ తలుపులు వదిలిరారు. సోమశిల డ్యాము నీళ్లు వస్తున్నాయని మా ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు పెళ్లై మూడో ఏడు. మా నాయన ద్వారబంధాలతో సహా పీకి బండి మీద వేశాడు. మా ప్రార్థన మందిరం గంటను నలుగురు దించారు. ఆ తర్వాత కట్ట మీదికి నేను ఏడుసార్లు పోయాను. ఏడుసార్లూ నీళ్లే కనిపించాయి. అందుకే ఈ బొమ్మల ఊళ్లోనైనా నీళ్లు దిగడం చూడాలనిపించింది. అది ఎవరికీ చెప్పలేదు. లెక్క మధ్యలో వదలడం నాకు అలవాటు లేదని మాత్రం చెప్పాను.

నేను ఆ మందిరం గడప చేరింది ఒక శనివారం. అదే రోజు ఆత్మకూరులో కంటి డాక్టరు నా రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయని, ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేస్తానని చెప్పాడు. ఆ సోమవారం కాక పై సోమవారం రమ్మన్నాడు. ఆ తర్వాత నెల రోజులు ఫోన్ ముట్టకూడదట. నా వయసులో నెల వాయిదా అంటే మాటలు కాదు. ఆదివారాలు నేను ఆట ఆడను. అవి తీసేస్తే మిగిలింది సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు.

మందిరం లోపల మోకాలి లోతు నీళ్లు, నాలుగు మూలల నాలుగు దీపాలు, మధ్యలో ఒక రాతి పలక ఉన్నాయి. లోపలికి పోగానే తలుపు మూసుకుని నీళ్లు పెరుగుతాయి. పని కాకపోతే పిల్ల మునిగి మళ్లీ గడప దగ్గర లేస్తుంది. దీపాలను సరైన వరుసలో వెలిగించి పలక మీద నిలబడాలని నాకు తోచింది. నాలుగు దీపాలను ఇరవై నాలుగు వరుసల్లో వెలిగించవచ్చు. రోజుకు నాలుగు వరుసలైతే ఆరు రోజులకు సరిగ్గా సరిపోతుంది. పట్టిక గీసి మొదలుపెట్టాను. మా అమ్మాయి వంటింట్లోంచి రోజూ అడిగేది, ఇవాళ ఎన్నిసార్లు చచ్చిందా పిల్ల అని. నాలుగుసార్లని చెప్పేదాన్ని.

శనివారం సాయంత్రానికి ఇరవై నాలుగూ అయిపోయాయి. నీళ్లు దిగలేదు. పట్టిక రెండుసార్లు సరిచూశాను, ఏ వరుసా తప్పిపోలేదు. లెక్క సరిగ్గా ఉండి జవాబు రాకపోవడం నాకు కొత్త. ఆదివారం గుడిలో పాస్టరు గారి ప్రసంగం నా చెవికి ఎక్కలేదు.

సోమవారం తెల్లవారి బస్సుకు మనవరాలితో కలిసి ఆత్మకూరు బయలుదేరాను. కిటికీ పక్కన కూర్చుని, చివరిసారి చూద్దామని ఫోన్ తీశాను. నేను ఆ మందిరంలోకి పోవడం తను చూసింది అప్పుడే. గడప దగ్గర ఆగి, పాదం బొమ్మ మీద నొక్కాను.

"అవ్వా, చెప్పులెందుకు విప్పినావు?"

"లోపలికి పోతుండాది కదా మే."

"ఇరవై నాలుగుసార్లూ విప్పే పోయినావా?"

విప్పకుండా ఎట్లా పోతానన్నాను. తను చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఒట్టు గుర్తుచేశాను.

"నేనేం చెప్పినాను? అడిగినాను, అంతే."

అప్పుడు నాకు వెలిగింది. చెప్పులు లేని పిల్లకు బరువు లేదు. బరువు లేకపోతే పలక కిందికి దిగదు. దీపాలు ఉత్త వెలుతురు కోసం పెట్టినవి. అయినా వేలు వెంటనే ఆడలేదు. పుట్టి బుద్ధెరిగాక మందిరంలోకి చెప్పులతో పోయింది లేదు.

"పో అవ్వా, దేవుడికి నేను చెప్తాలే" అంది మనవరాలు.

పిల్లకు చెప్పులు తొడిగాను. లోపలికి నడిపించి పలక మీద నిలబెట్టాను. పలక దిగింది. నీళ్లు ముందు కిటికీల దాకా, తర్వాత అరుగుల దాకా, తర్వాత వీధి దాకా తగ్గాయి. పీతలు పోయాయి. ఇక కొట్టాల్సింది, వెలిగించాల్సింది ఏమీ లేదు. ఆట అయిపోయిందని కూడా రాలేదు. పిల్ల తడి వీధుల్లో ఎంతసేపైనా నడవవచ్చు. ఆత్మకూరు వచ్చేదాకా నడిపించాను. నలభై ఒక్క ఇళ్లూ చూశాను. మనవరాలు నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఆసుపత్రిలో ఆపరేషన్ గది ముందు నర్సమ్మ చెప్పులు విప్పమంది. మనవరాలు నా మొహం చూసింది. "ఆలోచించుకో అవ్వా, పలక దిగదేమో" అంది. నర్సమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. చెప్పులు విప్పి లోపలికి పోయాను.

నెల నిండిన మర్నాడు ఆట తెరిచాను. ఊరు ఆరిపోయి, నేను వదిలిన చోటే ఉంది. తలుపుల దగ్గర మాత్రం ఆగిపోయాను. వాటిని బూడిద రంగని పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే నీలంగా ఉన్నాయి. కుడికన్ను మూసి ఎడమ కంటితో చూశాను, బూడిద రంగే. ఎడమది మూసి కుడి కంటితో చూశాను, మంచి నీలం. నలభై ఒక్క ఇళ్లకూ అంతే.

పుస్తకం తీసి బూడిద అన్న మాట కొట్టేశాను. పైన నీలం అని రాసి, తేదీ వేశాను.