భీమిలిలో అమ్మ నోరు తెరిచిన రోజు

మా చిన్నప్పుడు... ధర్మవరం చెరువు నిండితే అదే మాకు సముద్రం. అసలు సముద్రం ఎట్లుంటుందో మా వీధిలో ఎవరూ చూసెరుగరు. అట్లాంటిది అరవైల మొదట్లో, ఎనిమిదేళ్ళ పిల్లగా నేను భీమిలికి పోయినాను. సరదాకు కాదు... అమ్మ మాట్లాడటం మానేసిందని.

ఆ వానాకాలంలో తమ్ముడు పోయినాడు. ఇంకా పాకడం కూడా రాని బిడ్డ. జ్వరమన్నారు, ఏవో పసర్లు పోసినారు, తెల్లారేసరికి లేడు. నాయన గుడ్డలో చుట్టుకొని చెరువు పక్కకు తీసుకుపోయినాడు. ఆడవాళ్ళు రాకూడదని అమ్మను గడప దాటనియ్యలేదు.

ఆ రోజు నుంచి అమ్మ నోట మాట లేదు. ఏడవనూ లేదు. నాయన మగ్గం మీద పట్టుచీర నేస్తుంటే పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టేది. పిలిస్తే తలెత్తి చూసేది... అంతే.

"జాగా మార్చి చూడప్పా, సముద్రం గాలికి తేరుకుంటాదేమో" అన్నాడంట అనంతపురం డాక్టరు. మా చీరలు కొనే వైజాగు షావుకారు ఒకాయనకు భీమిలిలో బంగళా ఉండేది. వెనక గదిలో ఉండమన్నాడు. రైళ్ళు మారి మారి, వాల్తేరులో దిగి, బస్సెక్కి పోయినాం.

నాయన మమ్మల్ని దింపి ఎక్కువ రోజులు ఉండలేదు.

"మగ్గం మీద పెండ్లిచీర సగంలో ఉండాది పాపా. పెండ్లోళ్ళు కాచుకోనుండారు. మళ్ళా వస్తా... అమ్మను చూసుకుంటా ఉండు" అన్నాడు.

బస్సు వెనక లేచిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడినాను. అమ్మ నన్ను చూసుకోవాల గదా, నేను అమ్మను చూసుకునేదేంది అని ఆ రోజు అడగాలని కూడా తోచలేదు.

భీమిలి చానా పాత ఊరు. ఒకప్పుడు తెల్లోళ్ళ ఓడలు ఆగిన రేవంట. ఒడ్డున తెల్లటి దీపస్తంభం, పెద్ద పెద్ద బంగళాలు. ఎండాకాలం చల్లగాలికి ఎక్కడెక్కడి పెద్దోళ్ళో వచ్చి దిగేవాళ్ళంట. మేము పోయింది చలికాలం... అన్నిటికీ తాళాలే. ఏదో ఒక ఇంటి కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకునేది. మూసేవాళ్ళు కూడా ఉండరు.

అమ్మ వరండాలో కూర్చుని నీళ్ళకేసి చూసేది. నేను అమ్మకేసి చూసేదాన్ని.

వీధి పిల్లల దగ్గరికి పోయి "యాడికి పోతాండారు?" అన్నానా... ఒకటే నవ్వు! "యాడికి, యాడికి" అంటూ నా చుట్టూ గంతులేసినారు. మళ్ళీ వాళ్ళ దగ్గరికి పోలేదు.

నాతో మాట్లాడేది బంగళా ఊడ్చే పైడమ్మ ఒక్కతే. "ఏటే బొట్టీ, మీయమ్మ మాటాడదేటి?" అనేది. బొట్టి అంటే వాళ్ళ మాటలో ఆడపిల్లంట.

ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఇసుకలో నడుచుకుంటూ పోయినాను. ఒకచోట పాతగోడ, తుప్పుపట్టిన గేటు. లోపల తెల్లోళ్ళ సమాధులు. కొన్ని గోపురాల మాదిరి మనిషికంటే ఎత్తు. వాటి మధ్యన ఒకటి మాత్రం చిన్నది... నేను పడుకుంటే కాళ్ళు బయటికి వస్తాయి, అంతే ఉంది.

దాని పక్కన కూర్చున్నాను. ఈడ ఎవరూ నవ్వరు కదా అని మాట్లాడటం మొదలుపెట్టినాను. మా మగ్గం గురించి, మా వీధి గురించి, తమ్ముడి బోసినవ్వు గురించి... పొద్దు వాలిందని కూడా తెలియలేదు.

"పాపా! యాడుండావే... పాపా!"

బొంగురు గొంతు. ఎవరిదో అనుకున్నాను. అమ్మది! ఆ గొంతు విని ఎన్ని నెలలయిందో... జుట్టు విడిపోయి, ఇసుకలో పడుతూ లేస్తూ వస్తోంది. వెనకనే పైడమ్మ. అమ్మ వచ్చి వీపు మీద ఒకటి చరిచి, అదే చేత్తో నన్ను గుండెకు అదుముకుంది.

"నువ్వు గూడా పోతే నేనెట్ల బతికేదే?"

కాసేపటికి అమ్మ చూపు ఆ చిన్న సమాధి మీద పడింది. "ఇది ఎవురిది?" అనింది.

"పసిబిడ్డదంటమ్మా. ఏ కాలం నాటిదో మరి! దొరలు ఓడెక్కి ఎలిపోనారు... ఇది ఇక్కడే ఉండిపోనాది" అంది పైడమ్మ.

అమ్మ ఆ రాయి మీద చెయ్యి వేసింది.

"బిడ్డను ఈడ పెట్టి ఆ తల్లి ఓడ ఎట్ల ఎక్కిందో..." అనింది. రాయి మీది ఇసుక తుడిచి, "ఆమెకు బిడ్డను పెట్టిన జాగా అన్నా తెలుసు. నాకు అదీ తెలీదు" అనింది.

అప్పుడు ఏడ్చింది అమ్మ. వానాకాలంలో ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ ఏడ్చింది. పైడమ్మ ఊరుకోమనలేదు. పక్కన చతికిలబడి కూర్చుంది. నేను అమ్మ కొంగు పట్టుకొని అట్లనే ఉండిపోయినాను.

నాయన మళ్ళీ వచ్చినప్పుడు "భోంచేసినావా?" అని అడిగింది అమ్మ. నాయన మొహం అటు తిప్పుకొని కండువాతో తుడుచుకున్నాడు.

ధర్మవరంలో రైలు దిగినాక అమ్మ ఇంటి దారి పట్టలేదు. "బిడ్డను యాడ పెట్టినావో చూపిచ్చు" అనింది.

"ఆడోళ్ళు ఆడికి..." నాయన నసిగినాడు.

"వాని అమ్మను నేను. చూపిచ్చు."

నాయన మూట భుజాన వేసుకొని ముందు నడిచినాడు. చెరువు పక్కన, తుమ్మచెట్ల మధ్య, చిన్న రాళ్ళకుప్ప. అమ్మ దాని దగ్గర కూర్చుని ఒక్కొక్క రాయీ సరిచేసింది. నాయనా నేనూ దూరంగా నిలబడినాం.

ఆ తర్వాత అమ్మ నవ్వింది, నాయనతో పోట్లాడింది, మనవళ్ళను ఎత్తుకుంది, ముసలిదయింది. భీమిలి మాట మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది...

మొన్న మా మనవరాళ్ళు భీమిలి పోయి ఫోన్లో ఫొటోలు పంపినారు. ఒడ్డంతా జనం, మొక్కజొన్న బండ్లు, గుర్రాలు. "ఎంత బాగుందో అవ్వా, నువ్వూ రావాల్సింది" అన్నారు. నేను పోయినానని వాళ్ళకు తెలియదు. చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు నాతో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు... అవునని పక్కన తలూపేవాళ్ళు లేకుంటే ఎంత నిజమైనా కలగన్నట్టే ఉంటుంది.

మీకూ అట్లాంటి ఊరు ఒకటి ఉందా... చిన్నప్పుడు ఎవరితోనో చూసి, ఇప్పుడు మీరొక్కరే తలుచుకునే ఊరు? ఉంటే ఈడ రాయండి. నేను తలూపుతాను...