అప్పాల పిన్నికి అందని అప్పం

గుడి వెనకాల ఒంటిగది. అందులో ఒక పొయ్యి, ఒక బల్ల, పొడవాటి కాడలున్న రెండు ఇనప పలకలు. పలకల లోపలి వైపు శిలువ గుర్తు. శుక్రవారం వచ్చిందంటే ఆవిడ గోధుమపిండిలో నీళ్ళు తప్ప ఇంకేమీ కలపకుండా జారుగా చేసి, ఆ పలకల మధ్య పోసి నొక్కి, కాగితంలాంటి రేకులు తీసేది. వాటిని గుండ్రంగా అప్పాలుగా కోసేది. ఆదివారం పూజలో ఫాదర్‌గారి మాటలతో ప్రభువు శరీరమై అందరికీ అందే సత్ప్రసాదం ముప్పయ్యెనిమిదేళ్ళుగా ఆవిడ చేతిదే. అందుకే అందరికీ ఆవిడ అప్పాల పిన్ని. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వారం మొత్తంలో నలుగురి మధ్య నిలబడే చోటంటూ ఉంటే, అది ప్రసాదం వరస ఒక్కటే.

ఆ ఏడు మనిషి చిక్కి సగమైంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి తేల్చేసింది: గోధుమ ఆవిడ పేగుకి విషం, రవ్వంత కూడా లోపలికి పోకూడదు.

"చేసేదానికే నోటికి లేదన్నమాట. పోనీలే పిన్నీ, నీ వాటా మేం తింటాం," అంది పక్కింటి దర్జీ ఆవిడ.

"తినవే తల్లీ, నీకు అరగనిది ఏముంది గనక."

మూతికి గుడ్డ కట్టుకుని పని మాత్రం సాగించింది. ఆదివారం అందరూ లేస్తుంటే మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చేది. ఖాళీ బెంచీ మీద చేతిసంచులకు కాపలా కూర్చునేది. నాలుగు ఆదివారాలు అలాగే పోయాయి.

అయిదో వారం పలకలు తోమి తోమి, బియ్యప్పిండితో ఒకే ఒక్క అప్పం కాల్చి, పళ్ళెంలో ఓ అంచున పెట్టింది. పూజకు ముందు ఫాదర్‌గారు చూడనే చూశాడు. ఆయనది ఆవిడకు మనవడయ్యే వయసు.

"ఇదొక్కటీ ఇంత తెల్లగా ఉందేం పిన్నీ?"

"బియ్యప్పిండి. నాకోసం. మీరు చెప్పే మాటలు దీనికీ పడతాయిగా."

ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. "పడవు పిన్నీ. గోధుమ కాకపోతే నేనెన్ని మాటలు చెప్పినా అది బియ్యమే."

"ఎందుకు పడవూ? నా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. దాన్ని మార్చారు. మాకు వీపు పెట్టి నిలబడే ఫాదర్లని ఇటు తిప్పారు. పీఠం ముందు కటకటాలు పీకి పాతసామానుకి వేశారు. నాలుక మీద పెట్టేది చేతిలో పెడుతున్నారు. నా దగ్గరికొచ్చేసరికి గుర్తొచ్చిందా శాస్త్రం?"

"అవన్నీ శ్రీసభ పెట్టుకున్నవి, శ్రీసభే మార్చుకుంది. ఈ గోధుమరొట్టె చివరి రాత్రి భోజనంలో ప్రభువు స్వయంగా చేతిలోకి తీసుకున్నది. మార్చే హక్కు నాకు లేదు, బిషప్‌గారికి లేదు, పోపుగారికీ లేదు."

"అయితే నాకు ప్రభువు లేనట్టే."

ఫాదర్‌గారు బల్ల మీది సీసా చూపించాడు. "ద్రాక్షరసం ఉంది. అందులోనూ ఆయన పూర్తిగా ఉన్నాడు. అప్పం తగలని చిన్న గిన్నె వేరే పెడతాను, వచ్చే వారం రండి."

పిన్ని రెండడుగులు వెనక్కి వేసింది. చిన్నప్పుడు గుడి తుడుస్తూ రసం గిన్నె మీద వేలు పెడితే, అమ్మ వీపు చిట్లగొట్టింది. "అది మీ ఫాదర్లది. మేం ముట్టకూడదు," అంది.

"అది మారేదే పిన్నీ. మారింది కూడా."

"మీకు కావలసింది మారుతుంది, నాకు కావలసింది మారదు!" అని విసురుగా, బియ్యపు అప్పం చేతపట్టుకుని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి దాన్ని నోట్లో వేసుకుంది. బియ్యం రుచే వచ్చింది.

ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చి పలకరించినవాళ్ళూ లేరు.

ఆదివారం వరస అయిపోయింది. అందరూ వచ్చి కూర్చున్నారు. ఫాదర్‌గారు మాత్రం చిన్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దర్జీ ఆవిడ మోచేత్తో పొడిచింది. "లే పిన్నీ. పాపం ఆ పిల్లాడికి చెయ్యి లాగుతోంది."

లేచింది. అన్ని కళ్ళ మధ్య నడిచివెళ్ళి, గిన్నె ముట్టకుండా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నోరు తెరిచింది. ఆయనే వంచి పోశాడు.

శుక్రవారం మళ్ళీ మూతికి గుడ్డ కట్టి పలకలు వేడి చేసింది. ఆదివారాలు ఇప్పుడు బెంచీ కాపలాతోనే అయిపోవు. వరసలో మాత్రం ఆవిడకు ముందు ఎవరూ ఉండరు, వెనకా ఎవరూ ఉండరు.