లక్క రికార్డు

మొన్న ముందటి పళ్ళు రెండు కదులుతున్నాయని ఈ అరబ్బు దేశంలో నేనుండే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో పళ్ళ డాక్టరు దగ్గరికి పోతే, నర్సమ్మ నా చేతుల్లో శానిటైజర్ పోసింది. ఆ స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే రెండు వేల ఇరవైలో నేను చేసిన పాడుపని కళ్ళముందు నిలిచింది. ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి, కూరగాయలు మొదలుకొని తలుపు గడియ దాకా కనబడినదల్లా తుడిచి, ఇక గండం గడిచిందనుకున్న కాలం.

అంతకుముందు నేను ఉమ్ అల్ క్వైన్‌లో ఫర్నిచర్ పాలిష్ పనివాణ్ణి, లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి చెక్కకు పూయడమే ఇరవై ఏళ్ళ నా బతుకు. కరోనాతో ఆ దుకాణం మూతబడితే, మా ఊరివాడొకడు దయతలచి ఇక్కడి చిన్న సంగీతం బడిలో ఊడ్చి తుడిచే పనికి పెట్టించాడు. అక్కడ గోవా మాస్టర్‌జీ ఒకరు, బాగా పెద్దాయన, పిల్లలకు పాతకాలపు జాజ్ నేర్పేవారు. ఆయన పద్ధతే వేరు. కాగితం చూడనిచ్చేవారు కాదు, గ్రామఫోన్ మీద రికార్డు పెట్టి పదిసార్లు వినిపించి, నోటితో పాడించాకే వాయిద్యం ముట్టనిచ్చేవారు. వాటిలో ఒక రికార్డు బొంబాయి హోటల్ బ్యాండుది, అందులో క్లారినెట్ వాయించింది మాస్టర్‌జీ వాళ్ళ నాయన. అట్లాంటిది ఇంకొకటి ఎక్కడా లేదట. నేల తుడుస్తూ తుడుస్తూ నేనూ విని, ఆ ట్యూన్‌ను ఈల వేసుకునేవాణ్ణి.

ఇంతలో మాస్టర్‌జీకి కరోనా అంటుకుంది. పద్నాలుగు రోజులు గది దాటొద్దన్నారు. బడి ముదీర్, అంటే మేనేజరు, నాకు ఫోను చేసి, ఆయన ముట్టిన ప్రతి వస్తువూ శానిటైజర్‌తో తుడవమన్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది! గ్రామఫోన్ మీదున్న ఆ రికార్డునే మొదట తీసి, గుడ్డను నిండా శానిటైజర్‌లో ముంచి, గిన్నె తోమినట్టు తోమాను. గుడ్డ నల్లబడింది. అప్పుడొచ్చింది వాసన, స్పిరిట్‌లో లక్క కరిగే వాసన. ఆ కాలపు రికార్డుల్లో లక్క ఉంటుందని నాకెవరు చెప్పారు! ఇరవై ఏళ్ళు లక్కను కరిగించిన చేతులే దాన్నీ కరిగించాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

రోజూ సాయంత్రం మాస్టర్‌జీ ఫోను చేసి, దగ్గుతూ ఆయాసపడుతూ, "రికార్డులు సలామత్ హై నా, భాయ్?" అని అడిగేవారు. సలామత్, అన్నీ భద్రంగా ఉన్నాయి అనేవాణ్ణి. నిజం చెబితే జబ్బుమనిషి గుండె ఆగుతుందేమోనని ఒక భయం, నా వీసా ఖలాస్ అవుతుందేమోనని ఇంకో భయం, రెంటిలో ఏది పెద్దదో ఇప్పటికీ చెప్పలేను. అన్నం సయించలేదు.

ఆయన వచ్చీ రాగానే గ్రామఫోన్ దగ్గరికే పోయారు. సూది పెడితే ఇసుక రుబ్బినట్టు గరగర తప్ప ఏమీ లేదు. జరిగిందంతా చెప్పేశాను. తిడితే బాగుండేది, తిట్టలేదు, ఊరికే కూలబడ్డారు. ఏం చేయాలో తోచక, మాస్కు కిందికి లాగి ఈల అందుకున్నాను. ఆ ట్యూన్‌లో ఒకచోట ఊపిరి చాలక స్వరం జారి, మళ్ళీ నిలదొక్కుకుంటుంది, నేనూ అట్లాగే జార్చాను. మాస్టర్‌జీ చటుక్కున చెయ్యెత్తి, ఆ చోటు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.

అది వాళ్ళ నాయన చేసిన తప్పట. మాస్టర్‌జీ చిన్ననాడే దాన్ని దిద్దుకుని వాయించడం అలవాటు చేసుకున్నారు, తర్వాత ఎంత ప్రయత్నించినా ఆ జారుడు ఆయనకు పట్టుబడలేదు. తప్పని తెలియని నాకు మాత్రం ఉన్నదున్నట్టు వచ్చేసింది. "యహీ హై మేరే పాపా", ఈయనే మా నాయన అంటూ ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడిస్తే నాకూ ఏడుపాగలేదు. అప్పటినుంచి ఆ ట్యూన్ నేర్పే రోజున చీపురు పక్కన పెట్టించి, రికార్డుకు బదులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పిల్లలకు నా ఈల వినిపించేవారు.

మాస్టర్‌జీ గోవా వెళ్ళిపోయారు, పోయిన ఏడు కాలం చేశారు. ఆనాటి పిల్లలు తలా ఒక దేశం పోయారు. కొత్త మాస్టరు మంచివాడే, చదువుకున్నవాడు, ట్యూన్‌ను కంప్యూటర్లో రాసి, ఆ జారుడును చదును చేసి కాగితాలు పంచాడు. ఇప్పటి పిల్లలు ఒక్క తప్పూ లేకుండా వాయిస్తుంటే గుమ్మంలో నిలబడి వింటాను. ఊడ్చేవాణ్ణి, తప్పు వాయించండి నాయనా అని ఏ ముఖంతో చెప్పను?

వచ్చే వారం ఆ రెండు పళ్ళూ తీసేయాలన్నాడు డాక్టరు. అవి పోతే ఈల పోతుంది, ఈలతో పాటు బొంబాయిలో ఒకాయనకు ఊపిరి చాలని ఆ ఒక్క క్షణమూ పోతుంది. నొప్పి ఓర్చుకుంటాను, ఒక్క నెల ఆగండి సార్ అని చెప్పి, ఆ జారుడును పిల్లలకు వినిపించనివ్వమని అడగడానికి కొత్త మాస్టరును వెతుక్కుంటూ బడికి పోయాను.