అమ్మకు ఫోన్ చేసే పోలీసు

కెనడాలోని ఒషావాలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసే సువార్తరాజు గారికి ఉన్న ఏకైక వ్యసనం నాటకాలు రాయడం. ఆదివారం తెలుగు ఆరాధన ముగిశాక అదే చర్చి హాల్లో ఆడించేవారు. చూసేవాళ్ళకే కరువు. కాలేజీల్లో చేరడానికి మనవాళ్ళు తండోపతండాలుగా దిగిన ఆ ఏడాది హాలైతే కిటకిటలాడింది గానీ, పిల్లలు బిర్యానీ తినడం, తెర లేవగానే తామూ లేవడం! షిఫ్టుకు టైమైందని సాకొకటి.

"భోజనాలు నాటకం తర్వాత పెట్టుకుందామండీ," అంది భార్య మార్తా.

"బిర్యానీ కోసం కూర్చునేవాళ్ళు ప్రేక్షకులా? ఈసారి కూడా లేచిపోయారో, ఇక కలం ముట్టను," అన్నారాయన. మార్తా నవ్వింది. ఆయన నవ్వలేదు. నిజంగానే భయం పట్టుకుంది పాపం.

కుర్రకారుకు సైన్స్ ఫిక్షన్ ఇష్టమని ఎవరో చెవిన వేశారు. అంతే, 2095లో పోలీసుల కథ రాసి పారేశారు. ఆ కాలంలో పోలీసులంతా మరమనుషులే. తుపాకులు లేవు, సంకెళ్ళు లేవు. దొంగ దొరికితే "ఏ ఊరు నాయనా? ఎవరబ్బాయివి?" అని అడిగి, నేరుగా వాళ్ళమ్మకు వీడియో కాల్ కలుపుతారు. ఎంత ఘరానా దొంగైనా "జైల్లో వెయ్యండి బాబూ, ఆవిడకు మాత్రం చెప్పకండి" అని కాళ్ళమీద పడాల్సిందే. భవిష్యత్తును ఊహించమంటే పాలకొల్లు నుంచి వచ్చిన మనిషి మరెలా ఊహిస్తాడు?

మరమనిషి వేషం రేవంత్‌ది. జగిత్యాల కుర్రాడు, రాజుగారి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ చదువుకుంటున్నాడు. ఒంటికి అట్టపెట్టెలు తగిలించి, వాటిమీదా మొహం మీదా వంటింటి ఫాయిల్ చుట్టారు.

నాటకం మొదలైంది. వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకడు జాకెట్ కూడా తొడుక్కున్నాడు. తెర పక్కనుంచి రాజుగారు తలుపు వైపే చూస్తున్నారు. అప్పుడే రేవంత్ తన డైలాగు గట్టిగా అందుకున్నాడు.

"సూపర్‌మార్కెట్ కార్ట్‌ను ఇంటిదాకా తోసుకెళ్ళిన నేరస్థుడు ఈ హాల్లోనే ఉన్నాడు. లేచి నిలబడాలి!"

లేవాల్సింది దొంగ వేషం కట్టిన క్రిస్టఫర్. కానీ అంతకుముందే అదే హాల్లో, ఆరాధనలో, ఒక్కొక్కరే లేచి సాక్ష్యాలు చెప్పారు. లేచి నిలబడమంటే ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలన్నది అక్కడివాళ్ళకు ఒంటబట్టిన అలవాటు. జెస్లిన్ అనే విద్యార్థిని ఠక్కున లేచింది.

"దేవునికి స్తోత్రం. నేనేనండీ. మంచులో రైస్ బ్యాగ్ మొయ్యలేక తీసుకెళ్ళాను. ఇప్పుడు దానిమీద బట్టలు ఆరేస్తున్నాం."

హాలంతా గొల్లుమంది. జాకెట్ తొడుక్కున్నవాడు అలాగే నిలబడి, "మా ఇంట్ల రెండున్నయ్ అంకుల్," అన్నాడు. ఇక గట్టు తెగింది. ఒకడు లైబ్రరీ పుస్తకం ఒప్పుకున్నాడు, ఒకామె రూమ్మేట్ గోంగూర పచ్చడి ఒప్పుకుంది. అసలు దొంగ క్రిస్టఫర్‌ను పట్టించుకున్న నాథుడు లేడు. రాజుగారు తెర పక్కన జుట్టు పీక్కుంటున్నారు.

"నీ సంగతేంటి రోబో?" అని ఎవరో అరిచారు.

రేవంత్ నిజం ఫోనే తీసి, నిజంగానే వాళ్ళమ్మ సరోజనకు వీడియో కాల్ కలిపాడు. మిలమిలలాడే ఆ మొహం చూసి ఆవిడ హడలిపోయింది.

"ఎవలయ్యా నువ్వు? మా రేవంత్ ఏడి?"

"నేనేనే అమ్మా. పోలీసు వేషమేసిన. నన్ను నేనే పట్టుకున్న. వంట నేర్చుకున్న అన్న గదా, అబద్ధం. రోజూ మార్తా ఆంటీ వండిందే తింటున్న."

"గది నాకెరుకే లేరా! చాయ గూడ పెట్టరాదు నీకు. అందరు గట్ల నవ్వుతున్రేంది?"

"నాటకమాడుతున్నమమ్మా. దొంగ కథ."

"అవునా? మరి గా దొంగ ఏమాయె?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు మరి!

రాజుగారు వేదికమీదికి వచ్చి ఫోన్ అందుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన్ను అడిగిన మనిషి ఆవిడొక్కతే.

"చెబుతానమ్మా," అని మెల్లగా మొదలుపెట్టారు. "వాడి తల్లికి ఫోన్ కలిపారు కదా, అప్పుడావిడ..."

"అంకుల్, కాస్త గట్టిగా చెప్పండి," అంది జెస్లిన్. "మాకు వినపడట్లేదు."