ఏడో గీత మీది పాచి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించుకునే వాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ మూసీలో నా చేతికి అంటినదాన్ని లేదనలేను.

నిజాం జమానాలో మేము బహదూర్‌పురాలో ఉండేవాళ్లం. అనంతగిరి కొండల్లో వాన పడితే ఇక్కడ మూసీ పెరిగేది. పురానాపూల్ దగ్గర నీళ్లలో గీతలు చెక్కిన రాతి స్తంభం ఉండేది. రోజూ పొద్దున ఎన్ని గీతలు మునిగాయో చూడటం నా నౌకరీ. నాకప్పుడు చదువు రాదు. మునిగిన గీతకొక ముడి చొప్పున సుతిలి తాడుకు వేసి సర్కారు దఫ్తర్‌లో లెక్కలు రాసే మున్షీకిచ్చేవాణ్ణి. ఆయన ముడులు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసుకునేవాడు.

ఒకనాడు నీళ్లు రెండో గీత దగ్గరే ఉన్నాయి. పాచి మాత్రం ఏడో గీత దాకా, తడితడిగా పట్టి ఉంది. పేడ, కుళ్లిన చేప, నానిన తోలు కలిసిన కంపు. ఎవడో వెధవ పూశాడనుకుని గడ్డితో తోమాను. మర్నాడు మళ్లీ అంతే ఎత్తున ఉంది. మనిషి పూస్తే చేతి గుర్తులుంటాయి. ఇది నీళ్లు దిగిపోయాక మిగిలే పాచి.

ఆ రోజు ఏడు ముడులు వేశాను. మున్షీ పాన్ నములుతూ నవ్వాడు.

"ఏందిరా, కల్లు ఎక్కువైందా? నీళ్లెంతున్నయో చెప్పు. మురికెంతుందో నాకెందుకు?"

ఐదు ముడులు విప్పేశాడు.

నా ఫికరంతా మా అక్క గురించే. మూసీ ఇసుకలో కొట్టం వేసుకుని ఆరు బర్రెలతో బతుకుతోంది. నీళ్లు ఏడో గీతకొస్తే ఆమెకేమీ మిగలదు. పాచి సంగతి చెబితే నవ్వుతుందని అబద్ధమాడాను.

"అక్కా, కొట్టం ఖాళీ చెయ్యమని దఫ్తర్ హుకుం."

"సర్కారుకు నా బర్రెలే దొరికినయా? నువ్వు ఆళ్ల జీతగానివి, గట్లనే అంటవు."

తిడుతూనే బర్రెలను తోలుకుని శాలిబండలో చుట్టాలింటికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం, మబ్బు లేని ఎండలో మూసీ వచ్చింది. కొట్టం కొట్టుకుపోయింది. నీళ్లు సరిగ్గా ఏడో గీత దగ్గర ఆగాయి.

తర్వాత మున్షీ నా చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. నేను ముందుగా ఏమీ చెప్పలేదని అందులో రాసుకున్నాడట. నౌకరీ పోయాక తెలిసింది. నలభై దాటాక అక్షరాలు దిద్దింది ఆ రోతతోనే.

రాని నీళ్ల మురికి ముందే రాయికెలా అంటిందో నాకు నేటికీ తెలియదు. అక్క మాత్రం బతికినన్నాళ్లూ, "ఆ హుకుమిచ్చిన దఫ్తరోడు ఎవరో గని, వాని కడుపు సల్లగుండ" అని దండం పెట్టేది. ఆ దీవెన మున్షీకి పోతుంటే నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఆ హుకుం నాదేనని చూపడానికి నా దగ్గరేముంది, ఏమీ చెప్పలేదన్న కాగితం మీద నా వేలిముద్ర తప్ప?